ఐదోది దైవం

మా పెద్దక్క భర్త, అంటే మా బాపట్ల బావ, వరి శాస్త్రం చదువుకున్న మనిషి. బాపట్ల వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసి రిటైరయ్యాడు. ఇవాళ సగం దేశం అన్నం వండుకు తింటున్న సాంబ మసూరి, అదే బీపీటీ 5204, పుట్టింది బాపట్లలోనే. 1986లో విడుదలైంది. ఏ రైతన్నా వచ్చి చేలో గింజ పట్టలేదంటే బావ అడిగే ప్రశ్నలకు అంతుండేది కాదు. విత్తనం ఎక్కడ తెచ్చావు, నారు ఎన్నాళ్లది, నీరు ఎప్పుడు తీశావు, యూరియా ఎంత కొట్టావు. నీ చేను చేసుకున్న పాపం పోవయ్యా అని ఆయన ఏ రైతునీ పంపించగా నేను చూడలేదు. అదే బావ, రేపల్లెలో ఉండే మా చిన్నక్కకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సరని తేలిన రోజు ఫోన్లో ఒకే మాటన్నాడు: "ఏం చేస్తామోయ్, పూర్వజన్మ కర్మ."

నేను స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. మాది తెనాలి. కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి సూతాశ్రమం కట్టుకుని పురాణాలను బోనెక్కించిన ఊరు కాబట్టి మా ఊరివాళ్లకు వాదన ఉగ్గుపాలతో వస్తుంది. అలాగని నేను నాస్తికుణ్ణి కాను. పొద్దున దీపం పెట్టందే కాఫీ తాగను. కర్మ లేదని బావతో వాదించాలన్న కోరికా లేదు. అక్క వెంట ఆసుపత్రికి తిరిగినన్నాళ్లూ నన్ను తొలిచిన ప్రశ్న వేరు. దైవాన్ని నమ్మినవాడు సాటి మనిషి పనిని తనిఖీ చేయాలని పట్టుబట్టవచ్చా? అలా పట్టుబడితే ఆ నమ్మకానికి ఏమన్నా లోటా?

అక్క రేపల్లె పాసింజరులో తెనాలి వచ్చేది. నేను జంక్షన్‌లో కలిసేవాణ్ణి, అక్కణ్ణించి ఇద్దరం గుంటూరు. మా వైపు రేడియేషన్‌ని రేడియేషన్ అనరు, కరెంటు పెట్టడమంటారు. కరెంటు పెట్టేచోట ముందు సీసాడు నీళ్లు తాగించి, మూత్రం ఆపుకోమని కూర్చోబెడతారు. సంచి నిండి ఉంటే పేగులు పక్కకి జరిగి కిరణం వాటికి తక్కువ తగులుతుందట. నడుం చుట్టూ రంగు పెన్నుతో గీతలు పెట్టారు. స్నానంలో అవి చెరగకూడదని అక్క తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకునేది. మడీ ఆచారం గట్టిగా ఉన్న మనిషికి అది క్యాన్సరు కంటే పెద్ద కష్టం.

ఒకరోజు లోపలికి తీసుకెళ్లే టెక్నీషియను కుర్రాడి చొక్కాకి ఉన్న చిన్న బిళ్ల చూసి అక్క అడిగింది.

"అదేంటి బాబూ, మెళ్లో తాయెత్తులాగా?"

"బ్యాడ్జీ అమ్మా. నాకెంత రేడియేషన్ తగిలిందో అది లెక్క పెడుతుంది. మూడు నెలలకోసారి పంపించి చూపిస్తారు."

"మరి నాకేదీ?"

కుర్రాడు నవ్వేశాడు. "నీకిచ్చేదే అది కదమ్మా."

అందరం నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. రేడియేషన్ దగ్గర పనిచేసేవాళ్లకు ఎంత తగలవచ్చో మన అణుశక్తి నియంత్రణ బోర్డు హద్దు పెట్టింది. ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గోడకి అవతల నడిచిపోయే నాబోటి వాడికి ఏడాదికి 1. గది లోపల బల్ల మీద పడుకున్న మా అక్కకు? హద్దు లేదు. ప్రపంచంలో ఏ దేశంలోనూ రోగికి హద్దు పెట్టరు. పెడితే వైద్యమే ఉండదు. ఆమెకొచ్చిన రోగానికి మామూలుగా పాతిక సిట్టింగులు, సిట్టింగుకు ఇంచుమించు 2 గ్రేల చొప్పున ఇస్తారు (ఒంటికి పట్టే మోతాదును గ్రేలలో కొలుస్తారు). ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4, 5 గ్రేలు తగిలితే, వైద్యం అందని మనుషుల్లో సగం మంది బతకరు. చంపగల కిరణాన్నే ఒక్క చోటుకే గురిపెట్టి, రోజుకింతని కొలిచి, బతికించడానికి వాడుతున్నారు. చట్టం పనివాడికి హద్దు ఇచ్చింది, దారినపోయేవాడికి హద్దు ఇచ్చింది, రోగిని మాత్రం కొలిచేవాడి చేతిలో పెట్టింది. అంటే ఆ కొలత సరిగా ఉండటం తప్ప రోగికి వేరే కవచం లేదు. వైద్యుణ్ణి నారాయణుడితో సమానంగా చూడమన్నారు మన పెద్దలు. చూస్తాను, నమస్కారమూ పెడతాను. కానీ ఈ గదిలో నారాయణుడి చేతిలో ఉన్నది టైమరు, దశాంశ బిందువు, కంప్యూటరు తెర.

ఆ కొలతను కాపాడే ఏర్పాట్లు కంటికి కనబడవు. కనబడేది ఆలస్యమే. పొద్దున్నే మొదటి రోగిని పిలవకముందు మిషన్ను ఒట్టిదానిగా నడిపి, కిరణం అనుకున్నంతే వస్తోందా లేదా అని ఫిజిసిస్టు కొలుస్తారు. బయట బెంచీల మీద జనం సణుగుతుంటారు. చీరాల నుంచి వచ్చిన ఒకాయన రోజూ అనేవాడు: "ఆరోగ్యశ్రీ వాళ్లమనే చులకన. డబ్బు కట్టినోళ్లనైతే ఇట్టా కూర్చోబెడతారా?" నిజానికి ఆయన మీద ఆ ఉదయం ఎవరన్నా గౌరవం చూపించారంటే అది ఆ అరగంటలోనే. ఆ గది గోడ ఎంత మందం ఉండాలో కూడా ముంబయిలోని బోర్డు నక్షా చూసి ఒప్పుకున్నాకే కట్టాలి. తలుపు తెరిస్తే కిరణం ఆగిపోవాలి. రేడియేషన్ వైద్యుడు, మెడికల్ ఫిజిసిస్టు, టెక్నీషియను, వీళ్లకి తోడు బోర్డు ఒప్పుకున్న రేడియోలాజికల్ సేఫ్టీ ఆఫీసరు లేకుండా ఆ మిషన్ను నడపడానికి వీల్లేదు. కాగితం మీద చూస్తే మా రైల్వే కంటే గట్టి ఏర్పాటే.

ఇక కాగితం దాటిన సంగతి. అక్కది మా జిల్లాలో వీధికొకరికి ఉండే పేరు. ఒకరోజు ఆ పేరు పిలిచారు. అక్క లేచి వెళ్లింది, బల్ల ఎక్కింది. కుర్రాడు తెర మీద ఫోటో చూసి ఆగాడు. అది వేరే ఆవిడ ఫైలు. ఆవిడకు రొమ్ములో గడ్డ. అక్కను దింపి, క్షమించమ్మా అని బయట కూర్చోబెట్టాడు. కిరణం రాలేదు, చీమ కుట్టినంతైనా హాని లేదు. ఆ కుర్రాడు తన పని తాను చేశాడు, అందుకు అతనికి దండం పెట్టాలి. నేను లోపలికెళ్లి ఆ విభాగం పెద్దాయన్ను అడిగాను: "ఇది ఎక్కడన్నా రాశారా అండీ?"

"ఏం రాయాలండీ? ఏమీ కాలేదుగా. దేవుడి దయ."

ఆయన మంచివాడే. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం, ఎక్కడైనా ఆ మాటే వచ్చేది. కానీ ముప్ఫై ఏళ్లు సిగ్నళ్ల మధ్య బతికిన నాకు ఆ జవాబు మింగుడు పడలేదు. రైల్వేలో రెండు బళ్లు ఎదురెదురుగా వచ్చి గుద్దుకోకుండా ఆగిపోతే అది శుభవార్త కాదు. ఎవర్టెడ్ కొలిజన్ అని దాన్ని ప్రమాదాల జాబితాలోనే చేరుస్తారు. ఎర్ర సిగ్నలు దాటి బండి ఆగితే, ఎవరికీ గోరంత గాయం కాకపోయినా, అదీ ప్రమాదమే, దానికీ విచారణ ఉంటుంది. ఎందుకంటే ఇవాళ ఆగిన బండికీ రేపు గుద్దుకోబోయే బండికీ కారణం ఒకటే. ఫలితంలోనే తేడా. ఆ తేడా మాత్రం దేవుడి దయే, నేనూ ఒప్పుకుంటాను. దయ కలిగినప్పుడు దణ్ణం పెట్టి రిజిస్టరు మూసేయడం కృతజ్ఞత కాదని నా బాధ.

దయ కలగని చోట్ల ఏం జరిగిందో చదివాను. 1996లో కోస్టారికా రాజధాని శాన్ హోసేలో ఒక ఆసుపత్రిలో కోబాల్టు మిషన్‌కి కొత్త కిరణ మూలం పెట్టారు. 30 సెకన్లంటే అర నిమిషం, అంటే 0.5; దాని శక్తి కొలిచేటప్పుడు 0.3 నిమిషాన్నీ 30 సెకన్లనూ ఒకటేనని లెక్క వేసుకున్నారు. ఆ మూలం ఉన్నదానికంటే బలహీనంగా కనబడింది. దానికి తగ్గట్టు అందరికీ ఎక్కువసేపు కరెంటు పెట్టారు. 115 మందికి, నిర్ణయించినదానికంటే సగానికి పైగా ఎక్కువ మోతాదు తగిలింది. కొందరు చచ్చిపోయారు, కొందరు వికలాంగులయ్యారు. ఎవరి మనసులోనూ ద్వేషం లేదు, ఎవరూ తాగిలేరు. హైస్కూలు పిల్లాడు కూడా పట్టుకోగలిగే లెక్క, రెండో మనిషి మళ్లీ కట్టి చూడలేదు, అంతే.

ఎక్కువైతే ఒళ్లు కాలుతుంది, ఏదో జరిగిందని ఎప్పటికైనా తెలుస్తుంది. నన్ను నిజంగా వణికించింది ఇంగ్లండులోని నార్త్ స్టాఫర్డ్‌షైర్ సంగతి. అక్కడ 1982 నుంచి 1991 దాకా వెయ్యి మందికి పైగా రోగులకు మోతాదు తక్కువ పడింది, 5 నుంచి 35 శాతం దాకా. దూరాన్ని బట్టి చేయాల్సిన సవరణను కంప్యూటరు తనంతట తనే చేసేస్తోంది. అది తెలియక మనుషులు మళ్లీ చేత్తో అదే సవరణ చేశారు. దాదాపు పదేళ్లు ఎవరికీ తెలియలేదు. కొత్త కంప్యూటరు తెచ్చి పాతదానితో పోల్చి చూసినప్పుడు బయటపడింది. తక్కువ పడితే ఒళ్లు కాలదు, నొప్పి ఉండదు, రోగి హాయిగానే ఉంటాడు. ఏ రెండేళ్లకో గడ్డ తిరగబెడుతుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు ఏమంటారు? మొండి రోగం అంటారు. మా బావలాంటి వాళ్లుంటే కర్మ అంటారు. ఆ వెయ్యి మందిలో ఎంతమంది ఇళ్లల్లో, వాళ్ల భాషలో, వాళ్ల దేవుడి పేరుతో, ఇదే మాట అనుకుని కళ్లు తుడుచుకున్నారో! కర్మ అన్న మాట అక్కడ ఒక తప్పుడు లెక్కకు దుప్పటి కప్పింది. తొమ్మిదో ఏడు రోగిని కూడా మొదటి ఏడు రోగి దారిలోనే పంపించింది.

ఈ సంగతులన్నీ పట్టుకుని బాపట్ల వెళ్లాను. భావనారాయణస్వామి గుడికి వెళ్లొచ్చి బావ వరండాలో కూర్చుని ఉన్నాడు, చేతిలో గీత. అంతా విన్నాడు.

"అయితే కర్మ లేదంటావా?"

"ఉంది బావా. నువ్వు చదివే పుస్తకంలోనే ఎక్కడుందో చూపిస్తా, పద్దెనిమిదో అధ్యాయం తియ్యి."

ఆ అధ్యాయంలో ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెప్పాడు కృష్ణుడు. అధిష్ఠానం, కర్త, రకరకాల కరణాలు, వేరువేరు చేష్టలు, ఐదోది దైవం. శాన్ హోసే సంగతిని ఆ వరసలో పెట్టి చూడండి. అధిష్ఠానం ఆ ఆసుపత్రి, కర్త కొలిచిన ఫిజిసిస్టు, కరణం టైమరు, చేష్ట రెండోసారి సరిచూడకపోవడం. ఈ నాలుగూ అయ్యాక మిగిలినదేదో ఉంటే అది దైవం. అధిష్ఠానమంటే శంకరులు శరీరమని చెప్పారోయ్, ఆసుపత్రి కాదు అని బావ అడ్డం పడ్డాడు. నిజమే, నేను కొంచెం సాగదీశాను. కానీ వరస మారదు కదా. మొదటి నాలుగింటినీ చూడకుండా ఐదోదాని మీదికి దూకమని కృష్ణుడు చెప్పలేదు. అక్కడే ఇంకో రెండు శ్లోకాలు దాటితే, ఇన్ని కారణాలుండగా ఒక్కణ్ణే కర్తగా చూసేవాడు సరిగా చూడనివాడే అని ఉంది. అక్కడ చెబుతున్నది ఆత్మ గురించని నాకు తెలుసు. ఆసుపత్రికీ పనికొస్తుందనే నా మొండితనం. ఏదన్నా జరగ్గానే ఆ టెక్నీషియను కుర్రాణ్ణి ఉద్యోగంలోంచి పీకేసి ఫైలు మూసేయడం కూడా ఒక రకం కర్మవాదమే. పేరు మాత్రం క్రమశిక్షణ.

బావ ఊరుకోలేదు. "నాలుగు కారణాలూ ఆ రోజే, ఆ మనిషి వంతప్పుడే ఎందుకు కలిశాయి? అది కర్మ కాదా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఉందనుకునేవాళ్ల మీద నాకు అనుమానమే.

తిరుగు ప్రయాణంలో రేపల్లె వెళ్లి అక్కను చూసి తెనాలి బండెక్కాను. దారిలో భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వించి, రాతి కరండాలూ స్ఫటికపు భరిణా ధాతువులూ బయటికి తీశాడు. ఆ కరండాల మీది లిపే మన అక్షరాలకు ముత్తాత అంటారు. ఆ లైన్లో ఉద్యోగం చేసిన రోజుల్లో ఆ దిబ్బ వంక తిరిగి చూసింది తక్కువ. ఇప్పుడు గుర్తొచ్చింది మాత్రం బుద్ధుడు చెప్పిన ఒక మాట. సంయుత్త నికాయంలో మోళియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి సరిగ్గా మా బావ మాటే అడుగుతాడు: మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పూర్వకర్మ వల్లేనంటారు కొందరు, మీరేమంటారు? బుద్ధుడు కాదంటాడు. పిత్తం వల్ల కలిగే బాధలున్నాయి, కఫం వల్ల, వాతం వల్ల, మూడూ కలిసి, రుతువు మారి, సరిగా చూసుకోకపోవడం వల్ల, హఠాత్తుగా మీదపడ్డ దెబ్బ వల్ల, చిట్టచివర కర్మ ఫలంగా. అన్నిటినీ కర్మకే కట్టేవాళ్లు తమకు తెలిసినదాన్నీ లోకానికి తెలిసినదాన్నీ దాటిపోతున్నారంటాడు. కృష్ణుడు ఐదో స్థానంలో దైవాన్ని పెట్టాడు, బుద్ధుడు ఎనిమిదో స్థానంలో కర్మను పెట్టాడు. రెండు మతాలు, రెండు దారులు. ముందు కళ్లెదుట ఉన్న కారణాలు చూడమనే చోట మాత్రం ఇద్దరూ నాకు ఒకే మాట చెబుతున్నట్టు తోచింది. "సరిగా చూసుకోకపోవడం" అన్నదానికి ఆయన ప్రత్యేకంగా ఒక చోటు ఇచ్చాడు చూశారా, దాని కాపలాకే కదా ఇవాళ్టి బోర్డులూ లైసెన్సులూ.

ఇదంతా అక్కకు చెప్పలేదు. ఆమె కూడా "నా కర్మరా తమ్ముడూ" అనేది, కానీ ఆమె అంటే ఆ మాటకు బరువు వేరు. ఎవర్నీ నిందించకుండా, వచ్చినదాన్ని మోయడానికి భుజం సర్దుకునే మాట అది. ఆ మాట తీసేస్తే ఆమెకు నేనేమిస్తాను, నార్త్ స్టాఫర్డ్‌షైర్ నివేదిక ఇస్తానా? బల్ల మీద పడుకున్న మనిషి కర్మ అనుకోవచ్చు. బల్ల పక్కన నిలబడ్డ మనిషి, మిషన్ను కొన్న మనిషి, లైసెన్సు ఇచ్చిన మనిషి అనకూడదు. ఈ ప్రశ్న మీద నాకు దక్కిన తీర్పు ఇదే. బావ దీన్ని సగమే ఒప్పుకున్నాడు.

లైసెన్సు ఇచ్చే మనిషి గురించి ఒక మాట. రైలు ప్రమాదాన్ని విచారించే రైల్వే సేఫ్టీ కమిషనరు రైల్వే శాఖ కింద ఉండడు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు. బయటివాళ్లకు వింతగా ఉంటుంది కానీ అందులోనే ధర్మం ఉంది. ఎవరి తప్పు వెతకాలో వాళ్ల కింద కూర్చుని వెతకలేం. అణుశక్తి నియంత్రణ బోర్డు 1983 నవంబరు 15న ప్రభుత్వ ఉత్తర్వుతో పుట్టింది. ఏళ్ల తరబడి అణుశక్తి కమిషన్‌కే జవాబుదారీగా ఉంది. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి. విశాఖపట్నం అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిని నడిపే టాటా మెమోరియల్ సెంటరు కూడా ఆ శాఖదే. ఆ ఆసుపత్రి మీద నాకు ఫిర్యాదు లేదు, పేదవాళ్లకు అది పెద్ద అండ. అడిగేవాడూ చెప్పేవాడూ ఒకే గొడుగు కింద ఉండటం మీదే నా ఫిర్యాదు. 2012లో కాగ్ ఇదే ఎత్తిచూపింది. దేశంలో 57,443 ఎక్స్‌రే కేంద్రాలుంటే 52,173 బోర్డు దగ్గర నమోదే కాలేదనీ అప్పుడే బయటపెట్టింది. 2025 డిసెంబరులో పార్లమెంటు శాంతి పేరుతో చేసిన కొత్త అణుశక్తి చట్టం బోర్డుకు చట్టబద్ధమైన హోదా ఇచ్చింది. మంచిదే. ఆ హోదా గుంటూరులో బెంచీ మీద కూర్చున్నవాడి దాకా వస్తుందా అన్నది చూడాలి. నన్నడిగితే ముందు ఒకటి చేయమంటాను. జరిగిన తప్పులతో పాటు జరగబోయి ఆగిపోయిన తప్పులనూ ప్రతి రేడియేషన్ కేంద్రం రాసి తీరాలి, రాసినవాణ్ణి శిక్షించకూడదు, ఏడాదికోసారి వాటిని తెలుగులో అచ్చేయాలి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ సాఫ్రాన్ అనే పద్దులో ఇలాంటివి ప్రపంచం నలుమూలల కేంద్రాల నుంచి సేకరిస్తూనే ఉంది. కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు.

బోర్డు సంగతి బోర్డు చూసుకుంటుంది. రేపల్లె నుంచో, బాపట్ల నుంచో, మా తెనాలి నుంచో మీవాళ్లను కరెంటు పెట్టించడానికి తీసుకెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఇది. పేరు వినపడగానే లేచి వెళ్లిపోనివ్వకండి. ఇంటిపేరు, ఊరు, భర్త పేరో తండ్రి పేరో, కరెంటు ఎక్కడ పెడుతున్నారో మీ నోటితో చెప్పి, ఫోటో చూడమని అడగండి. రోజూ అడగండి. విసుక్కుంటే విసుక్కోనివ్వండి. పొరపాటేదన్నా ఆగిపోతే ఆ కుర్రాడికి దణ్ణం పెట్టి, దాన్ని రాశారా లేదా అనీ అడగండి.